మగమనిషి లేని ఇల్లు

"షేవింగు బ్రష్షు! అత్తయ్యా, ఆ షేవింగు బ్రష్షు ఎక్కడ పెట్టారు?"

"పెట్టానమ్మాయ్. నిన్ననే తీసి, జాగ్రత్తగా ఎక్కడో పెట్టాను."

"ఎక్కడో అంటే ఎలా? మనకి దొరకనిది వచ్చేవాళ్ల కంట్లోనే ముందు పడుతుంది."

అత్తగారు మంచం కిందికి తొంగి చూడబోయింది. నడుం పట్టేసి, "అబ్బా" అంటూ నేల మీద చతికిలబడింది. కోడలు ఆమెను లేవదీయలేదు. లేవదీసే తీరిక లేదు. తొమ్మిదయింది. పదింటికి హౌసింగు ఆఫీసు నుంచి తనిఖీకి మనిషి వస్తుంది. ఆ వేళకి ఈ రెండు గదుల్లో డ్రైవరు తాలూకు వెంట్రుక ఒక్కటి కూడా మిగలకూడదు.

డ్రైవరంటే వేరెవరో కాదు. ఆ అత్తగారి కొడుకు, ఈ కోడలి మొగుడు. పదకొండో నంబరు సిటీ బస్సు నడుపుతాడు. సర్కారు లెక్కలో మాత్రం రెండేళ్లుగా అతను ఈమెకు ఏమీ కాడు. కోర్టులో ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఒకరి పెన్ను ఒకరు అందుకుని మరీ విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టారు. బయటికొచ్చి ఇద్దరూ కలిసి ఒకే బస్సెక్కి ఇంటికెళ్లారు.

అంతా ఇంటికోసమే. నాలుగేళ్లలో మూడిళ్లు మారారు. ఇల్లుగలవాడు అద్దె పెంచినప్పుడల్లా వీళ్లు నగరం అంచుకి ఇంకాస్త జరిగారు. ఆఖరికి చేరిన చోటినుంచి కోడలు పనిచేసే ఆసుపత్రి లాండ్రీకి రెండున్నర గంటల దారి. పిల్ల చిట్టి బడిలో ఎంతసేపుండేదో బస్సుల్లోనూ అంతసేపే ఉండేది. సర్కారు ఇంటికి దరఖాస్తు పెడదామంటే, దంపతుల జాబితాలో పదమూడేళ్లు ఆగాలన్నారు. ఒంటరి తల్లుల జాబితా చిన్నది. లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ ఎవరో ఆ మాట చెవిన వేశారు. ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది కోడలే. "కాగితమేగా," అన్నదీ ఆమే.

అలా దొరికిందీ ఆరో అంతస్తు ఇల్లు. బయటి అద్దెలో మూడో వంతు. ఆసుపత్రికి నడిచి వెళ్లొచ్చు, బడి వీధి చివరే. డ్రైవరు డిపో విశ్రాంతి గదిలో పడుకుంటూ, వారానికోసారి, బుధవారం సెలవునాడు, వెనక మెట్లెక్కి సొంత పెళ్లాం దగ్గరికే దొంగలా వచ్చిపోతుంటాడు.

ఇవాళ మంగళవారం. పోయినవారం ఆఫీసునుంచి ఉత్తరం వచ్చినప్పటినుంచి ఇల్లు పీకి పందిరి వేస్తున్నారు. ఒక మనిషి ఒక ఇంట్లో ఎన్ని చోట్ల ఉంటాడో, అతన్ని తీసెయ్యాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది. తలుపు వెనక మేకుకి బెల్టు. కిటికీ అంచున సగం వాడిన మందు బిళ్లలు. చొక్కాలూ ప్యాంట్లూ సంచిలో కుక్కి కింది అంతస్తులో తెలిసినవాళ్లింట్లో పెట్టారు. బూట్లు తీసేశాక గుమ్మం పక్కన నేల మీద వాటి అచ్చు మిగిలింది. కోడలు దాన్ని నిన్న సబ్బేసి అరగంట రుద్దింది. రుద్దుతుంటే ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు.

పొద్దున బడికి వెళ్తూ చిట్టి గుమ్మం దగ్గర ఆగింది. తొమ్మిదేళ్ల పిల్ల. "అమ్మా, వాళ్లు బడికొచ్చి నన్నడిగితే, నాన్న లేడని చెప్పాలా, రాడని చెప్పాలా?"

"బడికి రారులే."

"వస్తే?"

"లేడని చెప్పు," అంది నాన్నమ్మ గదిలోంచి. "రాడంటే ఎందుకు రాడని ఇంకో ప్రశ్న వేస్తారు."

పిల్ల తలూపి వెళ్లిపోయింది. అంత సులువుగా తలూపడం కోడలికి నచ్చలేదు. కానీ అప్పుడు దాన్ని పట్టుకుని కూర్చునే సమయం కాదు.

"దొరికింది!" అని కేక పెట్టింది అత్తగారు. బ్రష్షు ఆమె దిండు గలీబులోనే ఉంది. "చూశావా, ఎంత భద్రంగా పెట్టానో. నేనే కనుక్కోలేకపోయాను."

కోడలు నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి. బ్రష్షును పాత గుడ్డలో చుట్టి చెత్తబుట్ట అడుగుకి తోసి, అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"ఇంకోసారి చెప్పండి. మీ అబ్బాయి ఎక్కడుంటాడమ్మా?"

"నాకేం తెలుసు?"

"అలా విసురుగా కాదు. మామూలుగా."

"కన్నకొడుకు ఎక్కడున్నాడో తెలియదని మామూలుగా ఎలా చెప్తారే? నాకు అబద్ధం చేతకాదమ్మాయ్. మీ మామయ్య బతికుండగా ఒక్కటి ఆడాను, ఆయన మర్నాటికే పట్టేశాడు."

"ఇవాళ ఆడాలి. లేకపోతే సామాను రోడ్డున పడుతుంది. మళ్లీ ఆ చివరికి పోవాలి. ఈసారి అక్కడా దొరకదు."

అత్తగారు జుట్టు ముడేసుకుని, కొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లి మొహం ఎలా ఉంటుందో సాధన చేస్తున్నట్టు గోడకేసి చూస్తూ కూర్చుంది.

*

ఆఫీసరమ్మ పదీ పావుకి వచ్చింది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. ఆరంతస్తులూ ఎక్కి, గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూ నిలబడింది. యాభై దాటిన మనిషి. చంకలో ఫైలు, చేతిలో ఫోను.

"కాస్త మంచినీళ్లిస్తారా?"

ఇచ్చారు. కూర్చోబెట్టారు. ఆమె గ్లాసు ఖాళీ చేసి చుట్టూ చూసింది. "వెలుతురు బాగుంది. నేను అద్దెకుండే చోట పగలు కూడా లైటు వేసుకోవాలి. రెండు రైళ్లు మారి వస్తాను రోజూ." ఆ మాటకి కోడలికి కాస్త ధైర్యమొచ్చింది. వెంటనే ఆవిడ లేచి స్నానాల గదిలోకి వెళ్లి టూత్‌బ్రష్షులు లెక్కపెట్టేసరికి, వచ్చిన ధైర్యం వచ్చినట్టే పోయింది.

మూడే ఉన్నాయి. ఆవిడ రాసుకుంది.

బీరువా తీయమంది. తీశారు. తలుపు వెనక చూసింది. ఖాళీ మేకుని చూసి ఏమీ అడగలేదు. లోపలి గదిలో మంచం దగ్గర ఆగి, దుప్పటి ఒక మూల పైకెత్తింది.

 వారం రోజులుగా ఇల్లంతా గాలించారు కానీ పరుపు సంగతి ఎవరికీ తట్టలేదు. పాత పరుపు. రెండు వైపులా రెండు గుంటలు. ఒకటి చిన్నది. ఇంకోటి పొడుగ్గా, లోతుగా, భారీ మనిషి పడుకున్నట్టు స్పష్టంగా ఉంది.

"ఇక్కడ ఎవరు పడుకుంటారు?"

"నేనూ, మా... "

"నేను," అంది అత్తగారు అడ్డొచ్చి. "నేనూ మా కోడలూ. చిట్టి ముందు గదిలో." అని ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. చెప్పులు విడిచి, మంచమెక్కి, ఆ పొడుగాటి గుంటలో వెల్లకిలా పడుకుంది. గుంటకి ఈ చివర ఆమె తల, ఆ చివరకి ఇంకా జానెడు ఖాళీ. "ఇదిగో, ఇలా," అంది పైకప్పు చూస్తూ. "నిద్రలో కాళ్లు చాపుకుంటాను లెండి."

కోడలు పళ్లబిగువున నిలబడింది. ఆఫీసరమ్మ దుప్పటి మూల వదిలేసింది.

"లేవండి పెద్దమ్మా. నడుం పట్టేస్తుంది."

ముందు గదిలోకి వచ్చి మళ్లీ కూర్చుంది. ఫైలు విప్పింది. చాలాసేపు చదువుకుంది. ఎదుట నిలబడ్డ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"మీ మీద ఫిర్యాదొచ్చిందమ్మా," అంది చివరికి. "పేరు లేకుండా రాశారు. విడాకులు ఉత్తుత్తివని, మొగుడు వచ్చిపోతున్నాడని. అలాంటివి వారానికి ఇరవై వస్తాయి. ఇల్లు దొరకనివాళ్లకి కడుపుమంట, వాళ్లని ఏమనగలం. కానీ వచ్చాక చూడాలి కదా. అందుకని మీ మాజీ భర్త వివరాలు తెప్పించాను."

"వాడెక్కడుంటాడో మాకు తెలియదమ్మా," అంది అత్తగారు. సాధన చేసినదానికన్నా బాగా వచ్చింది.

"తెలియకపోవడమేంటి, క్వార్టర్సులో ఉంటున్నారుగా." ఆవిడ కాగితం తిప్పింది. "పోయిన నెల పెళ్లి రిజిస్టరు చేయించుకున్నారు. వాళ్ల డిపోలోనే కండక్టరట ఆవిడ. పెళ్లి కాగితం పెట్టి డిపో పక్కనే ఫ్యామిలీ క్వార్టర్సు తీసుకున్నారు. ఇంక ఈ ఫిర్యాదులో పసేముంది? కొట్టేస్తున్నాను. మీరు నిశ్చింతగా ఉండండమ్మా."

ఎంత మంచి మాటో! వారం రోజులుగా ఆ ఒక్క మాటకోసం ఈ ఇంట్లో తిండీ నిద్రా లేవు. కోడలి చెయ్యి కుర్చీ వీపు మీదికి వెళ్లి దాన్ని గట్టిగా పట్టుకుంది. మొహం మీద ఏం కనబడాలో తెలియలేదు. ఆశ్చర్యం కనబడకూడదు. విడిపోయి రెండేళ్లయిన మనిషి పెళ్లి చేసుకుంటే ఎవరూ కింద పడిపోరు.

"తెలుసు లెండి," అంది అత్తగారు. గొంతు మామూలుగానే ఉంది. "మమ్మల్ని పిలవలేదు."

ఆఫీసరమ్మ సానుభూతిగా తల పంకించింది. "ఎలా పిలుస్తారు పెద్దమ్మా. అయితే మీ పేరు మీదో చిక్కుంది. మీ అబ్బాయి క్వార్టర్సు దరఖాస్తులో తల్లి అని మీ పేరు రాశారు. ముగ్గురున్నారు కాబట్టే రెండు గదులిచ్చారు. ఇక్కడా మీ పేరుంది. ఒక మనిషి రెండు సర్కారు ఇళ్లలో ఉండటానికి వీల్లేదు. ఎక్కడుంటారో శుక్రవారంలోగా రాసివ్వండి. లేకపోతే రెండిళ్లకీ నోటీసులొస్తాయి."

"నా పేరు కూడా రాశాడా?"

"రాశారు."



"మీరిక్కడ సంతకం పెట్టండమ్మా," అంటూ ఆవిడ కోడలి ముందు ఫారం పెట్టి వేలితో చూపించింది. *ఈ ఇంట్లో వయసొచ్చిన మగమనిషి ఎవరూ నివసించడం లేదు. ఇకముందు ఎవరినీ నివసించనివ్వను.* "ఇది పెడితే మూడేళ్లదాకా మీ జోలికి ఎవరూ రారు. అంటే, చెప్పకుండా ఒకటి రెండుసార్లు వచ్చి చూస్తాం, అంతే."

కోడలు పెన్ను తీసుకుంది. రెండేళ్ల కిందట కోర్టులో అబద్ధం మీద సంతకం పెట్టింది. ఇవాళ నిజం మీద పెట్టింది.

*

తలుపు వేసేదాకా ఇద్దరూ నవ్వుమొహంతోనే ఉన్నారు. మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు పూర్తిగా పోయేదాకా అలాగే నిలబడ్డారు.

"మీకు తెలుసా?" అంది కోడలు.

"నీ పిల్ల మీద ఒట్టు. తెలియదు."

"తెలిసినట్టే చెప్పారు."

"ఏం చెప్పమంటావే? 'అయ్యో అలాగా' అని గుండెలు బాదుకోమంటావా? ఇల్లు పోయేది!"

"అబద్ధం చేతకాదన్నారుగా పొద్దున."

అత్తగారికి ఆ మాట తగిలింది. తగిలినట్టు కోడలికీ తెలిసింది. ఎవరూ వెనక్కి తీసుకోలేదు. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"వాడిని అడుగుదాం," అంది అత్తగారు. "ముందు వాడేమంటాడో వినాలి కదా. మనిషి చెడ్డవాడు కాదు."

"చెడ్డవాడని నేనన్నానా?"

"అనలేదు. నీ మొహం అంటోంది."

కోడలు చెప్పులేసుకుంది. పన్నెండూ పదికి పదకొండో నంబరు కింద స్టాపుకి వస్తుంది. ఇన్నాళ్లూ వాళ్ల కాపురం సగం ఆ బస్సులోనే నడిచింది. చిట్టి పరీక్ష మార్కులు, అత్తగారి నడుంనొప్పి, గ్యాసు అయిపోవడం, అన్నీ డ్రైవరు సీటు వెనకున్న సీట్లో కూర్చుని, ముందుకు వంగి, ఇంజను చప్పుడులో చెప్పుకున్నవే. అతను అద్దంలోంచి కళ్లతో జవాబు చెప్పేవాడు. ఆ కళ్లే ఇవాళ ఆమెను చూసి, "ఏమైంది? పాసయ్యామా?" అని అడిగాయి.

ఆమె తలూపింది. అతను స్టీరింగు మీద చేత్తో ఒక్క దెబ్బ వేశాడు, సంతోషం పట్టలేక. ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది.

ఇంకో మూడు స్టాపులకి బస్సు ఆఖరి స్టాండు చేరింది. అక్కడ పది నిమిషాలు ఆగుతుంది. జనం దిగిపోయారు. ముసలి కండక్టరు, "టీ తాగొస్తా గురూ," అని దిగి వెళ్లాడు. ఈ దంపతుల సంగతి ఆయనకి తెలుసు, ఎప్పుడూ ఆ పది నిమిషాలూ టీకే వెళ్తాడు. డ్రైవరు ఇంజను ఆపి, సీట్లోంచి పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"చెప్పు! ఏమన్నారు? అమ్మ ఏం కొంప ముంచలేదు కదా?"

"క్వార్టర్సు బాగున్నాయా?" అంది.

అతని మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. కొంచెంసేపు అలాగే ఉండి, నెమ్మదిగా దిగిపోయింది. తువ్వాలు తీసి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

"ఎవరు చెప్పారు?"

"సర్కారు. మీకు పెళ్లయిందని, అందుకే నేను నిజంగా ఒంటరిదాన్నని, ఇల్లు నాకే ఉంచారు. సంతోషించండి."

"కాగితమేనే అది!"

 ఆ మాట బస్సంతా తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది.

"విను. పూర్తిగా విను. డిపోలో విశ్రాంతి గది తీసేసి నాలుగు నెలలైంది. అక్కడ ఛార్జింగు స్టేషను కట్టారు. నీకు చెప్పలేదు. బయట ముగ్గురం కలిసి ఒక మంచం తీసుకున్నాం. గది కాదు, మంచం. ఒకడు లేవగానే ఇంకొకడు. ఆ దుప్పటి వెచ్చదనం కూడా ఆరేది కాదు. రోజుకి నాలుగు గంటలు. ఒకరోజు వంతెన దగ్గర కళ్లు మూతపడ్డాయి. బస్సు డివైడరెక్కింది. లోపల నలభైమంది. దేవుడు చల్లగా చూశాడు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ట్రిప్పులో కండక్టరు ఆవిడే. ఆ పూట ఆవిడ నోరు విప్పితే నా ఉద్యోగం పోయేది."

"అందుకని పెళ్లి చేసుకున్నారు."

"ఆవిడకీ ఇల్లు లేదు! హాస్టల్లో ఆరుగురితో ఒక గదిలో ఉండేది. ఒంటరివాళ్లకి క్వార్టర్సు ఇవ్వరు. పెళ్లయినవాళ్లకిస్తారు. నాకు విడాకులైపోయాయి, ఆవిడకి అసలు పెళ్లి కాలేదు. ఇద్దరం వెళ్లి సంతకం పెట్టాం. రెండు గదులు. చెరొకటి. మధ్యలో తలుపు."

"గడియ ఏ వైపుంది?"

"ఏ గడియ?"

"ఆ తలుపుకి."

అతను తువ్వాలు మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

"గడియ లేదు," అన్నాడు. "పెట్టించాలి."

బయట ఇంకో బస్సు వచ్చి ఆగింది. దాని డ్రైవరు ఇటు చూసి చెయ్యి ఊపాడు. ఇతను ఊపలేదు.

"నాలుగు బుధవారాలు," అంది ఆమె. "ఆ సంతకం పెట్టాక నాలుగు బుధవారాలు ఇంటికొచ్చారు. నా పక్కన పడుకున్నారు. ఒక్కరోజు కూడా నోరు పెగల్లేదు."

"ప్రతిసారీ చెబుదామనే వచ్చాను. చిట్టి లెక్కలు చూపించేది. నువ్వు అలిసిపోయి ఉండేదానివి. చెబితే వద్దంటావు. వద్దంటే నేనెక్కడ పడుకోను, నువ్వే చెప్పు." అతని గొంతు పెరిగింది. "ఈ దారి నాకు చూపించిందెవరు? కాగితమేగా అని ముందు అన్నదెవరు? నేను కోర్టు మెట్లెక్కనని మూడు రోజులు అన్నం మానేశాను, గుర్తుందా?"

గుర్తుంది.  తిట్టడానికి వచ్చింది. దారంతా పోగేసుకున్న మాటలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా పూర్తిగా అతనిదే తప్పని చెప్పేలా లేదు. కోపం కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

"ఆవిడ మంచిదేనా?" అంది.

"పాపం, మంచిదే."

ఆ 'పాపం' అతని నోట్లోంచి ఎంత సహజంగా వచ్చిందో విన్నాక, ఆమె ఇంకేమీ అడగదలుచుకోలేదు.

ముసలి కండక్టరు తిరిగొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, వెనక సీటులోకి పోయి టిక్కెట్ల సంచి సర్దుకుంటూ కూర్చున్నాడు. జనం ఎక్కడం మొదలైంది. డ్రైవరు ముందుకు తిరిగి ఇంజను స్టార్టు చేశాడు. అద్దంలోంచి, తగ్గు స్వరంతో, "రేపు బుధవారం. వస్తాను. కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు.

"రాకండి."

"అదేంటి?"

"మా ఇంట్లో మగమనిషిని ఉండనివ్వనని సంతకం పెట్టాను. చెప్పకుండా వచ్చి చూస్తారట."

"నా ఇంటికి నన్ను రావద్దంటావా?"

"మీ ఇంటికి వెళ్లండి. సర్కారు ఇచ్చింది కదా."

అతను గేరు వేయలేదు. వెనకనుంచి ఎవరో, "పోనీవయ్యా, టైమవుతోంది," అన్నారు. అప్పుడు వేశాడు. మూడు స్టాపులూ అద్దంలోకి చూడలేదు. ఆమె చూస్తూనే ఉంది.

*

కింద స్టాపులో అత్తగారు నిలబడి ఉంది.

చంకలో గుడ్డసంచి. పైన శాలువా. ఎండలో శాలువా ఏంటని కోడలు అనుకునేలోపే బస్సు ఆగడం, అత్తగారు ముందు తలుపు దగ్గరికొచ్చి కమ్మీ పట్టుకోవడం అయ్యాయి. కోడలు దిగి ఆమెకు అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికత్తయ్యా?"

"నా కొడుకింటికి."

"మీకేమైనా మతి పోయిందా? శుక్రవారందాకా గడువుంది. ఆలోచించుకుందాం. ఇక్కడే ఉంటానని రాసిస్తే సరిపోతుంది."

"సరిపోదు. వాడిదీ ఇంటికోసం పెట్టిన సంతకమే అయ్యుంటుంది. నా పేరు తీసేస్తే అక్కడ ఇద్దరే మిగుల్తారు. రెండు గదులు లాక్కుని ఒక గది ఇస్తారు." అత్తగారు కోడలి చెవి దగ్గరికి వంగింది. "ఒక గదిలో ఆ ఇద్దరినీ ఉంచుతావా? బుద్ధుందా నీకు?"

కోడలు అడ్డు తొలగలేదు.

"నేను వెళ్లి మధ్యలో మంచం వేసుకుంటాను. దగ్గుతాను. గొణుగుతాను. ముసలిదాన్ని, నాకు నిద్ర పట్టదు, అందరికీ తెలుసు. నేనున్నన్నాళ్లూ అది కాగితంగానే ఉంటుంది. ఆ తరవాత సంగతి నాకు తెలియదు." కళ్లు తుడుచుకుంది. "వాడు చెడ్డవాడు కాదే. ఇంటికొస్తే ఎవరో ఒకరు పలకరించాలి మనిషికి. ఆ పలకరించేది నేనైతే మంచిది."

"మరి నేను? చిట్టి?"

అత్తగారు కోడలి బుగ్గ మీద ఒకసారి చెయ్యి వేసి, పక్కకి తప్పించి, ఒక్కో మెట్టూ అతికష్టం మీద ఎక్కింది. డ్రైవరు సీటు వెనకున్న సీట్లో కూర్చుంది.

"అమ్మా, ఏంటిది? దిగు," అన్నాడు డ్రైవరు.

"ఒక టిక్కెట్టివ్వు నాయనా, డిపో దాకా," అంది ఆమె కండక్టరుతో. తీసుకుంది. కొడుకు వీపు కేసి చూసింది. "టిక్కెట్టు కొన్నదాన్ని. దించే హక్కు నీకు లేదు. పోనీ."

డ్రైవరు తలుపులోంచి పెళ్లాం కేసి చూశాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు, అతను ఇంజను ఆపేసేవాడు. ఆగండత్తయ్యా అంటే ఆ ముసలామె దిగేది కూడా. కోడలు అనలేదు. అనలేకపోయిందా, అనదలుచుకోలేదా అంటే ఆమెకే తెలియదు. ఆ తలుపుకి గడియ లేదన్న సంగతి మాత్రం బుర్రలోంచి పోవడం లేదు.

తలుపు మూసుకుంది. బస్సు మలుపు తిరిగింది.

ఆరంతస్తులూ ఎక్కి తలుపు తీసింది. ఇల్లు దక్కింది. మూడేళ్లదాకా ఎవరూ కదిలించరు. వెలుతురు నిజంగానే బాగుంది. గ్లాసెడు నీళ్లు తాగి, లాండ్రీకి వేసుకెళ్లే కోటు తగిలించుకుని, మళ్లీ బయటికొచ్చి తాళం వేసింది. రెండింటికి డ్యూటీ. వదిలేసరికి రాత్రి పదవుతుంది. చిట్టి మూడున్నరకి ఇంటికొస్తుంది.

ఇన్నేళ్లలో ఆ పిల్ల తాళం వేసున్న ఇంటికి ఏ రోజూ రాలేదు. తాళంచెవి ఎవరి చేతిలో పెట్టి వెళ్లాలో తోచక, కోడలు మెట్ల మీద అలాగే నిలబడిపోయింది.